నలుపు తెలుపుల్లో ఫాంటసీ కాన్సెప్ట్ ఆర్ట్: చిత్తు బొమ్మ నుంచి చివరి గీత దాకా

కాన్సెప్ట్ ఆర్ట్ (ఇంకొకరు 3డీ మోడల్‌గానో, సెట్‌గానో కట్టడానికి ముందుగా వేసే బొమ్మ) వేసేవాళ్లలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది: ‘‘పొలుసు పొలుసుకీ షేడింగ్ చేశాను, రాయి రాయికీ పగుళ్లు వేశాను. అయినా నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే బొమ్మంతా బూడిద రంగు ముద్దలా ఉంది. ఇంకా డిటైల్ వేయాలా?’’ వేయొద్దు. దాదాపు ప్రతిసారీ లోపం డిటైల్‌లో ఉండదు. దాని కింద ఉండాల్సిన నలుపు తెలుపుల పంపకంలో ఉంటుంది. ఆ పంపకం చిత్తు దశలోనే తేలిపోవాలి. అందుకే ఇక్కడ సగం భాగం పెన్ను మూత తీయకముందు చేయాల్సిన పని గురించే.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. లోయ మీద సగం కూలిన రాతి వంతెన. దాని చివర కాపలా కూర్చున్న రెక్కల మృగం. ఎదురుగా లాంతరు పట్టుకున్న ఒంటరి మనిషి. మీ బొమ్మ వేరేదైనా పని వరుస ఇదే. ప్రధానంగా కాగితం, పెన్ను వాడేవారి కోసం రాశాను. డిజిటల్‌లో తేడా వచ్చే చోట ఆ మాట అక్కడే చెప్తాను.

## 1. సరంజామా: తక్కువే చాలు

కాగితం నున్నగా, మందంగా ఉండాలి. స్మూత్ బ్రిస్టల్ (నున్నటి గట్టి డ్రాయింగ్ కాగితం) గానీ, 250–300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) హాట్ ప్రెస్‌డ్ (వేడితో నొక్కి నున్నగా చేసిన) కాగితం గానీ సరిపోతుంది. గరుకు కాగితం మీద సన్నని నిబ్బు చిక్కుకుంటుంది, గీత అంచు చిరుగుతుంది.

సైజు ఏ3 పెట్టుకోండి, అంటే 297 × 420 మి.మీ. ఏ4లో మనిషి ముఖం గోరంత వస్తుంది, అక్కడ 0.20 మి.మీ. పెన్ను కూడా లావే అనిపిస్తుంది.

పెన్నులు మూడు చాలు. పిగ్మా మైక్రాన్ అనే పెన్నుల లెక్కలో 005 అంటే 0.20 మి.మీ., 01 అంటే 0.25, 05 అంటే 0.45, 08 అంటే 0.50. ఒక సన్నది, ఒక మధ్యరకం, ఒక లావుది తీసుకోండి. పెద్ద నలుపులకి బ్రష్ పెన్ గానీ, బ్రష్షూ ఇండియా ఇంకూ (గట్టి నల్ల సిరా) గానీ వాడండి. ఇండియా ఇంకును ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, లోపల ఎండి దారి మూసుకుపోతుంది.

డిజిటల్‌లో ఏ3కి 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చొప్పున 4961 × 3508 పిక్సెళ్ల కాన్వాస్ తెరవండి. బ్రష్ ఒత్తిడికి సైజు మారాలి, ఒపాసిటీ (గీత ఎంత చిక్కగా ఉందన్నది) మారకూడదు. గీత ఉంటే పూర్తి నలుపు, లేకపోతే లేదు. ఈ ఒక్క సెట్టింగ్ మీ చేత చాలా నిర్ణయాలు ముందే చేయిస్తుంది.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- 2హెచ్ (గట్టిది), హెచ్‌బీ (మధ్యరకం) పెన్సిళ్లు, పిండిలా నలిగే మెత్తటి నీడెడ్ ఎరేజర్
- మూడు మందాల పెన్నులు, ఒక బ్రష్ పెన్
- తెల్ల జెల్ పెన్ లేదా తెల్ల గవాష్ (కిందిది కనపడకుండా కప్పే నీటి రంగు)
- అదే కాగితం ముక్క ఒకటి, ప్రయోగాలకి
- చెయ్యి కింద పెట్టుకోవడానికి శుభ్రమైన కాగితం

## 2. మూడు వాక్యాల కథ

ఎవరు, ఎక్కడ, మరుక్షణం ఏం జరగబోతోంది. ఈ మూడూ రాసుకోండి. ‘ముసలి మృగం. దాటేవాళ్లు లేక పాడుబడ్డ వంతెన. మనిషి ఇంకో అడుగు వేస్తే అది లేస్తుంది.’

ఇప్పుడు ఆ వాక్యాలని గుచ్చి గుచ్చి అడగండి. ముసలిదంటే ఏం కనిపించాలి? రెక్కల పొర చిరిగి ఉండాలి, గోళ్లు అరిగి ఉండాలి, ఎప్పుడూ ఒకే చోట ఆనించే మోచేయి దగ్గర పొలుసులు ఊడి ఉండాలి. వంతెన మీద అది కూర్చునే చోట రాయి నున్నగా అరిగి, మిగతా చోట నాచు పట్టి ఉండాలి.

డిటైల్ పుట్టాల్సింది ఇక్కడ. ఖాళీ కనిపించింది కదా అని నింపిన నగిషీ ఏ కథా చెప్పదు.

## 3. రిఫరెన్స్: రూపం కోసం కాదు, పనితనం కోసం

డ్రాగన్ బొమ్మలు చూసి డ్రాగన్ గీస్తే ఇంకొకరి తప్పులు మీకు వారసత్వంగా వస్తాయి. అసలు జంతువులని చూడండి.

గబ్బిలం రెక్క నిజానికి ఒక చెయ్యి. నాలుగు వేళ్లు బాగా పొడుగై గొడుగు ఊచల్లా పొరని పట్టుకుంటాయి, బొటనవేలు మాత్రం గోరుతో విడిగా ఉంటుంది. ఇది తెలిస్తే ముడతలు ఎక్కడ మొదలవ్వాలో ఊహించక్కర్లేదు. వేలి కణుపుల దగ్గర మొదలై అంచు వైపు విచ్చుకుంటాయి.

నాలుగు కాళ్లతో పాటు రెక్కలు కూడా పెడితే మొత్తం ఆరు అవయవాలు. రెక్కలకి సొంత భుజం, సొంత కండరం కావాలి. పక్షుల్లో ఎగిరే కండరాలు రొమ్ము ఎముక మీద ఉన్న గట్టును పట్టుకుని ఉంటాయి, అందుకే ఛాతీ ముందుకు పొంగి ఉంటుంది. మీ మృగానికి వీపు మీద రెండు రెక్కలు అతికించి, ఛాతీ కుక్కలా సన్నగా వదిలేస్తే చూసేవాళ్లు నమ్మరు. ఎందుకు నమ్మడం లేదో వాళ్లకీ తెలియకపోవచ్చు.

ఒక్కో భాగానికి రెండు మూడు ఫొటోలు, విడి పేజీలో గబగబా అధ్యయన బొమ్మలు. ఆ తర్వాత ఫొటోలు మూసేసి మీ మృగాన్ని గీయండి. పక్కన ఫొటో తెరిచి ఉన్నంతసేపూ చెయ్యి దాన్నే నకలు చేస్తుంది.

## 4. థంబ్‌నెయిల్స్: మూడు టోన్లు, లావు మార్కరు

థంబ్‌నెయిల్ అంటే చిన్న చిత్తు బొమ్మ. 5 × 7 సెం.మీ. డబ్బాలు గీసి, ఒక్కోదాంట్లో మూడు టోన్లు (ముదురు లేతల మెట్లు), అంటే నలుపు, మధ్యరకం బూడిద, తెలుపు మాత్రమే వాడండి. లావు మార్కరు పట్టుకుంటే డిటైల్ వేయడం చేతకాదు, మనకి కావల్సిందీ అదే.

కనీసం ఓ డజను వేయండి. మొదట వచ్చే మూడు నాలుగూ అందరికీ తట్టేవే. వేయి వేసినా మృగం పోజు ఒక్కటే మారిస్తే లాభం లేదు, వీటిని మార్చి చూడండి:

- కంటి మట్టం (చూసేవాళ్ల కన్ను ఉండే ఎత్తు): కిందికి దించితే, మనిషి మోకాలి దగ్గర ఉంటే, మృగం మీదికి వంగినట్టు ఉంటుంది
- వెలుగు: వెనక నుంచి, పక్క నుంచి, లాంతరు నుంచి మాత్రమే
- ముందు నలుపా, వెనక నలుపా
- మృగం చట్రంలో పూర్తిగా పడుతుందా, కోసుకుపోతుందా

తర్వాత మృగాన్ని మాత్రం నల్లటి సిల్హౌట్‌గా విడిగా గీయండి. తల ఎటుంది, రెక్క ఎక్కడ మొదలైంది, బరువు ఏ కాలి మీద ఉందన్నది ఆ నల్ల ఆకారంలోనే తెలియాలి. తెలియకపోతే పోజు మార్చండి, లోపలి గీతలు దాన్ని కాపాడలేవు.

## 5. వాల్యూ ప్లాన్: అసలు పని ఇక్కడే

వాల్యూ అంటే ఏ చోటు ఎంత ముదురు, ఎంత లేత అన్నది. ఎంచుకున్న థంబ్‌నెయిల్‌ని పోస్ట్‌కార్డు సైజుకి పెంచి ఐదు మెట్లలో మళ్లీ వేయండి. 1 అంటే కాగితం తెలుపు, 5 అంటే గట్టి నలుపు. ప్రతి వస్తువుకీ ఒక అంకె రాయండి.

మన బొమ్మనే చూద్దాం. లోయలో పొగమంచు ఉంది కాబట్టి దాన్ని తెల్లగా వదిలేయాలని, దాని ముందు మృగాన్ని నల్లగా నిలబెట్టాలని అనిపిస్తుంది. అలా చేస్తే లాంతరు చచ్చిపోతుంది. వెనక మంచు తెలుపు, లాంతరూ తెలుపే అయినప్పుడు వెలుగు ఎక్కడిది? కాగితం కన్నా తెల్లటిది మన దగ్గర లేదు. వెలుగు వెలుగులా కనిపించాలంటే చుట్టూ చీకటి పేర్చడమొక్కటే దారి.

కాబట్టి పంపకం ఇలా: మంచుకి 2. దూరపు కొండకి కూడా 2, అంచు గీత లేకుండా. మృగం శరీరానికి 4, దాని కడుపు కిందా రెక్క లోపలా 5. మనిషిని మంచు ముందు నుంచి జరిపి మృగం ఛాతీ నీడ ముందుకి తేవాలి. ఇప్పుడు లాంతరు 1, దాని వెనక 5. బొమ్మలో స్వచ్ఛమైన తెలుపు లాంతరుకి, మనిషి చెంపకి, మృగం కంటికి, ముందు గోళ్ల అంచుకి. అంతే, సన్నని మెరుపులు తప్ప ఇంకెక్కడా లేదు.

ఈ జరపడం థంబ్‌నెయిల్‌లో అయితే రెండు నిమిషాల పని. ఇంకు వేశాక తెలిస్తే ఇంకో కాగితం తీసుకోవాల్సిందే.

ఇంకో నియమం. ఒకే వస్తువు మీద, నీడ భాగంలోని అతి లేత టోన్ కూడా వెలుగు భాగంలోని అతి ముదురు టోన్ కన్నా ముదురుగా ఉండాలి. నీడలోకి తిరిగొచ్చే వెలుగు చూడ్డానికి బాగుంటుందని దాన్ని మరీ లేతగా వేస్తే ఆకారం విరిగిపోతుంది.

ఇప్పుడు ప్రయోగాల ముక్క మీద ఐదు గళ్లు గీసి, మీ పెన్నుతోనే ఐదు మెట్లూ తయారు చేయండి. ఒక వరస హ్యాచింగ్ (పక్కపక్కనే సన్నని గీతలు) 2, దాని మీద ఇంకో వరస 3, మూడో వరస 4. చిన్న లెక్క: 0.20 మి.మీ. గీతల మధ్య 0.60 ఖాళీ వదిలితే కాగితంలో పావు వంతు నల్లబడుతుంది, 0.20 ఖాళీ వదిలితే సగం. ఈ పట్టీని పని అయ్యేదాకా బొమ్మ పక్కనే ఉంచండి. కన్ను అలసినప్పుడు అది అబద్ధం చెప్పదు.

## 6. పెన్సిల్ డ్రాయింగ్

2హెచ్‌తో తేలిగ్గా గీయండి. గట్టిగా నొక్కితే కాగితంలో గాడి పడుతుంది, ఆ తర్వాత ఇంకు అందులోకే జారుతుంది.

ముందు డబ్బాలు, గొట్టాలు. వంతెనని పర్‌స్పెక్టివ్‌లో (దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించేలా) పెట్టాక మృగం పాదాలు ఆ నేల మీదే ఆనుతున్నాయో లేదో చూడండి. తర్వాత కొలత చెప్పే వస్తువులు పెట్టండి: మెట్లు, పిట్టగోడ, రెక్క పక్కన పక్షుల గుంపు. మనిషికి తెలిసిన సైజు ఏదో ఒకటి లేకపోతే మృగం పిల్లి అంతా కావచ్చు, కొండంతా కావచ్చు.

నీడల సరిహద్దులు కూడా సన్నగా గీసి పెట్టుకోండి. వస్తువు తన మీద తాను మోసే నీడ అంచు మెత్తగా, నేల మీద పడే నీడ అంచు వస్తువు దగ్గర పదునుగా ఉంటుంది. లాంతరు వెలుగు కింద నుంచి వస్తోంది కాబట్టి మృగం కనుబొమ్మ గట్టు నీడ పైకి పడాలి.

ఇంకుకి ముందు:

- అద్దంలో చూశారా? డిజిటల్ అయితే ఎడమ కుడిగా తిప్పి చూడండి, వంకర వెంటనే దొరుకుతుంది
- రెండు అంచులు ఒకే చోట తగిలి అతుక్కుపోయినట్టున్నాయా? రెక్క కొస సరిగ్గా కొండ గీతని తాకితే, దాటించండి లేదా వెనక్కి లాగండి
- ముఖం, చేతులు, గోళ్లు పూర్తిగా తేలాయా? ‘ఇంకులో చూసుకుందాం’ అనుకున్న చోటే చెడుతుంది

## 7. ఇంకింగ్ వరుస

వరుస మారితే పని చెడదు గానీ రెట్టింపవుతుంది.

మొదట దగ్గరి వస్తువుల ఔట్‌లైన్లు. ముందున్నవి గీశాక వెనకవి గీస్తే గీత ఎక్కడ ఆగాలో తెలిసిపోతుంది. నీడ వైపు 05 పెన్ను, వెలుగు వైపు 005 పెన్ను. దూరపు వాటికి సన్నదే, అదీ తెగుతూ.

ఇంకు ఆరాక పెన్సిల్ చెరపండి. పెద్ద నలుపులు నింపకముందే చెరపాలి, ఎందుకంటే ఎరేజర్ రుద్దితే నలుపు కొద్దిగా వెలిసిపోతుంది.

తర్వాత 5లన్నీ. గట్టి నలుపులు ముందే పడితే మిగతా టోన్లని వాటితో పోల్చుకోవచ్చు. చివరికి వదిలేసినవాళ్లు మధ్య టోన్లు భయం భయంగా వేస్తారు, బొమ్మ పాలిపోతుంది.

నీడలన్నిటి మీదా ఒక్క వరస హ్యాచింగ్. మృగం, వంతెన, మనిషి అని విడదీయకుండా మొత్తం బొమ్మ మీద ఒకేసారి. ఒక మూల పూర్తి చేసి ఇంకో మూలకి పోతే రెండు మూలలూ రెండు వేర్వేరు బొమ్మల్లా తయారవుతాయి.

ఆపై రెండు, మూడు వరసలు, టెక్స్చర్ (రాయి, పొలుసు లాంటి ఉపరితలాల తీరు), చివరగా తెలుపు.

హ్యాచింగ్‌లో రెండు సంగతులు. గీత ఆకారం చుట్టూ తిరగాలి: కాలు గొట్టం అయితే గీత ఆ గొట్టాన్ని చుట్టాలి. చదునైన రాయి మీద తిన్నగా ఉండాలి. రెండోది, అడ్డ వరసని 90 డిగ్రీల్లో వేస్తే వల పరిచినట్టు కనిపిస్తుంది. 20–30 డిగ్రీల తేడాతో వేస్తే ఖాళీలు సన్నగా సాగి టోన్ మెత్తబడుతుంది. మణికట్టు మెలిపెట్టకండి, కాగితాన్ని తిప్పండి.

## 8. పదార్థాలు: అన్నీ ఒకే గీతతో రావు

టెక్స్చర్ బాగా కనిపించేది వెలుగు నీడగా మారే పట్టీలో. వెలుగు ఏటవాలుగా తగులుతుంది కాబట్టి అక్కడే ప్రతి గుంటా గట్టూ తేలుతుంది. పూర్తి వెలుగులో నాలుగైదు గీతలు, పూర్తి నీడలో ఏమీ వద్దు. ఈ ఒక్క మాట పాటిస్తే సగం గీతలు వేసే పని తప్పుతుంది, బొమ్మ మాత్రం ఇంకా నిండుగా కనిపిస్తుంది.

పొలుసులు: కీళ్ల దగ్గర చిన్నవి, వీపు మీద పెద్దవి, వరసలు శరీరం మలుపుని అనుసరిస్తాయి. మారే పట్టీలో ఒక్కో పొలుసుకీ కింది అంచు ముదురుగా వేయండి. అక్కడి నుంచి వెలుగు వైపు పోతూ పొలుసు సగం గీతగా, తర్వాత చుక్కగా తగ్గి మాయం కావాలి.

రెక్క పొర: వెనక నుంచి వెలుగొస్తే పొర లేతగా, వేళ్లు ముదురుగా ఉంటాయి. చిరుగుల అంచుని గుండ్రంగా కాకుండా తెగినట్టు గీయండి.

రాయి: ముందు ప్రతి రాతికీ మూడు ముఖాలు, మూడు టోన్లు. పగుళ్లు ఆ తర్వాత. పగులు ఎక్కువగా అంచు నుంచో, అతుకు నుంచో మొదలవుతుంది, రాతి మధ్యలో ఊరికే పుట్టడం అరుదు. పగులు గీతకి ఒక పక్కన సన్నని తెలుపు వదిలితే లోతు వస్తుంది.

లోహం: నలుపు పక్కనే తెలుపు, మధ్యలో బూడిద దాదాపు లేకుండా. మనిషి కవచంలో లాంతరు మెరుపు ఎక్కడ పడుతుందో ఒక్క చోట నిర్ణయించండి. ప్రతి మేకుకీ మెరుపు పెడితే ఏదీ మెరవదు.

బట్ట: ముడతలు లాగుడు ఉన్న చోట నుంచి పుడతాయి: భుజం, మోచేయి, నడికట్టు. వేలాడే చోట పొడుగు మడతలు, ఆగిన చోట నలుగులు.

బొచ్చు: వెంట్రుకలు గీయకండి, కుచ్చులు గీయండి. ఒక్కో కుచ్చుకీ వెలుగు వైపు, నీడ వైపు పెట్టి, కొసల్లో మాత్రమే నాలుగు వెంట్రుకలు విడదీయండి.

పొగమంచు: ఔట్‌లైన్ వద్దే వద్దు. వంతెన కిందికి పోయేకొద్దీ గీతల మధ్య ఖాళీ పెంచుతూ, చివరికి చుక్కలతో కరిగించండి. స్టిప్లింగ్‌కి ఓపిక కావాలి. చుక్కని లంబంగా పెట్టి ఎత్తండి, హడావిడిగా పెడితే చుక్కకి తోక వస్తుంది.

## 9. ఎక్కడ గీయకూడదు

చూపు మొదట ఎక్కడ ఆగాలో ఒకే ఒక చోటు పెట్టుకోండి. ఇక్కడ అది లాంతరుకీ మృగం కంటికీ మధ్య జాగా. అత్యంత సన్నని గీతలు, అత్యంత బలమైన తేడా అక్కడే ఉండాలి. రెండో చోటు రెక్క భుజం. మిగతాదంతా వాటి కోసం వెనక్కి తగ్గాలి.

ఆకాశం ఖాళీగా ఉందని మేఘాలు నింపాలనిపిస్తుంది. నింపకండి. నిండిన చోటు నిండుగా కనిపించాలంటే పక్కన ఖాళీ కావాలి. నా లెక్కలో ‘హైలీ డిటైల్డ్’ అని మెచ్చుకునే బొమ్మల్లో నిజంగా గీసింది చాలామంది అనుకునేదాని కన్నా తక్కువే.

కళ్లు చిట్లించి చూడండి. వాల్యూ ప్లాన్‌లో ఉన్న పెద్ద ఆకారాలు అలాగే కనిపిస్తున్నాయంటే ఇంకా గీయొచ్చు. కలిసిపోవడం మొదలైతే ఆపేయండి.

## 10. చెడితే ఎలా బాగుచేయాలి

అంతా బూడిదగా ఉంది. తెల్ల పెన్ను కోసం చెయ్యి చాచకండి. ముదురుగా ఉన్న చోట్లని వెతికి, వాటిని ఒక మెట్టు ముదురు చేయండి. 4లు 5లైతే 2లు వాటంతటవే తేటపడతాయి.

మృగం చిన్నగా కనిపిస్తోంది. పొలుసులు పెద్దవిగా వేసి ఉంటారు. నీడ వైపు వాటిని నలుపులో కలిపేసి, వెలుగు వైపు చిన్నవి వేయండి. భుజం దగ్గర రెండు మూడు పక్షులు పెట్టండి.

కత్తిరించి అతికించినట్టుంది. ఔట్‌లైన్ చుట్టూ ఒకే మందంలో ఉండటమే కారణం. వెలుగు వైపు గీతని గవాష్‌తో అక్కడక్కడా తెంపండి. ఇంకో చోట వెనక టోన్‌ని అంచు దాకా తెచ్చి గీత అవసరమే లేకుండా చేయండి.

నలుపు తప్పు చోట పడింది. పూర్తిగా ఆరనిచ్చి పల్చగా రెండు పూతల గవాష్ వేయండి. మందపాటి కాగితమైతే చిన్న మరకని బ్లేడు మొనతో గీకొచ్చు, కానీ గీకిన చోట మళ్లీ ఇంకు వేస్తే పాకుతుంది.

డిజిటల్‌లో గంటలు పోతున్నాయి, బొమ్మ కదలట్లేదు. జూమ్ ఎక్కువైంది. పక్కన చిన్న కిటికీలో బొమ్మ మొత్తం తెరిచి పెట్టుకోండి. టెక్స్చర్ దశ దాకా 100 శాతం దాటకండి.

## 11. స్కాన్, ఫైల్, అదనపు పేజీ

గ్రేస్కేల్‌లో 600 డీపీఐ స్కాన్ చేయండి. లెవెల్స్‌లో (సాఫ్ట్‌వేర్‌లో ముదురు లేతలు సవరించే సాధనం) కాగితం తెల్లబడేదాకా జరపండి, సన్నని గీతలు తెగడం మొదలవగానే వెనక్కి రండి. అసలు ఫైల్ టిఫ్ లేదా పీఎన్‌జీలో దాచండి. జేపెగ్‌ని గట్టిగా కుదిస్తే గీతల చుట్టూ మురికి చేరుతుంది.

ప్రింట్ సైజు ముందే తెలుసుకోండి. ఏ3 బొమ్మ ఏ5కి తగ్గితే పొడవు వెడల్పులు సగమవుతాయి, 0.20 గీత 0.10 అవుతుంది, ఇరుకు ఖాళీలు ఇంకుతో పూడిపోతాయి. అలాంటప్పుడు 4వ మెట్టు గీతల్ని కాస్త ఎడంగా వేసుకోవాలి. తెర కోసం తగ్గించినప్పుడు హ్యాచింగ్‌లో అలల్లాంటి చారలు వస్తే, ముందు అతి కొద్దిగా బ్లర్ చేసి తర్వాత తగ్గించండి.

కాన్సెప్ట్ ఆర్ట్‌ని ఇంకొకరు 3డీ మోడల్‌గానో, సెట్‌గానో కట్టాలి. నీడలో మనం అందంగా దాచేసినవి వాళ్లకి కావాలి. అందుకే విడి పేజీలో, నీడలు లేకుండా వట్టి గీతల్లో ఇవి ఇవ్వండి:

- మృగం వెనక నుంచి, పక్క నుంచి, మనిషి ఎత్తుతో పోలికగా
- రెక్క విప్పినప్పుడు, ముడిచినప్పుడు, వేళ్లు ఎటు మడుస్తాయో బాణం గుర్తులతో
- పాదం అడుగు భాగం, గోళ్ల అమరిక
- లాంతరు మూత ఎలా తెరుచుకుంటుంది, పిడి ఎక్కడ బిగించి ఉంది
- పదార్థాల పేర్లు, అరిగిన చోట్లు, చిరుగులు ఏ వైపున్నాయో